యూరో జోన్ నిర్ణయాలు పక్క దేశాల మీద ఎలా పడతాయి? బయట ఉన్నవాళ్ల సంగతి కాస్త చెప్పండి

కొత్తపుట:
అందరికీ నమస్కారం. 2026 జనవరి 1న బల్గేరియా యూరోలో చేరింది కదా, 21వ దేశంగా. చేరకముందు అక్కడ జరిగిన గొడవ గురించి చదువుతుంటే నాకో అనుమానం వచ్చింది. మన నోటు పోతే మన వడ్డీ రేట్లు ఫ్రాంక్‌ఫర్ట్ చేతికి (యూరో కేంద్ర బ్యాంకు ఉండేది అక్కడే) పోతాయని కొందరు, ఇప్పుడు మాత్రం మన చేతిలో ఏముంది గనక అని ఇంకొందరు. ఇద్దరిలో ఎవరిది నిజం? అసలు యూరో వాడని దేశం యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు (ఇక మీదట ఈసీబీ అంటాను) ఏం చేస్తుందా అని ఎందుకు కాచుకుని కూర్చోవాలి? వాళ్ల నోటు వాళ్లది, వాళ్ల బ్యాంకు వాళ్లది. నా చదువు బీకాంతో ఆగిపోయింది, కాస్త విడమరిచి చెప్పండి.

లెక్కల_మాస్టారు:
బల్గేరియా వరకు చెప్పాలంటే రెండో వాళ్లదే నిజం.

1996-97లో ఆ దేశంలో బ్యాంకులు కూలాయి, ధరలు ఆకాశానికంటాయి. 1997 జులై నుంచి కరెన్సీ బోర్డు పెట్టుకున్నారు. అంటే ఖజానాలో విదేశీ మారకం ఎంత ఉంటే అంతకు సరిపడా లేవ్‌లే (బల్గేరియా నోటు) అచ్చు వేయాలి, ఒక్కటి కూడా ఎక్కువ వేయకూడదు. మొదట జర్మన్ మార్కుకి కట్టారు. 1999లో మూడు సున్నాలు కొట్టేశాక ఒక లేవ్ ఒక మార్కుతో సమానం. మార్కు యూరోలో కలిసిపోయింది కాబట్టి యూరోకి 1.95583 లేవ్‌లు అయ్యాయి. ఆ అంకె ఎక్కడిదనుకుంటున్నారు? అచ్చంగా జర్మన్ మార్కుని యూరోగా మార్చిన అంకే. బోస్నియా కన్వర్టిబుల్ మార్కుది కూడా అదే, ఐదు దశాంశాలతో సహా. జర్మన్లు మార్కుని 2002లో వదిలేశారు, దాని నీడ మాత్రం సరాయెవోలో ఇవాళ్టికీ చలామణీలో ఉంది.

ఇలా కట్టుకున్న దేశానికి సొంత వడ్డీ రేటు అంటూ ఉండదు. ఈసీబీ పెంచితే పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. పోయేదేమీ లేదు, ఎందుకంటే 1997లోనే ఇచ్చేశారు.

కొత్తపుట:
బాగా అర్థమైంది మాస్టారూ. కానీ కట్టుకున్నవాడి సంగతి సరే, కట్టుకోనివాడికి ఏమిటి బాధ? స్విట్జర్లాండ్‌కి ఏ కట్టూ లేదు కదా?

సరిహద్దు_వాసి:
దీనికి నేను చెప్తాను, ఎందుకంటే అప్పుడు నేను అక్కడే ఉన్నాను. క్రాయిట్స్‌లింగెన్‌లో. రోడ్డు దాటితే జర్మనీ, కాన్‌స్టాంజ్ ఊరు. నడిచి వెళ్లిపోవచ్చు.

ముందు వెనకటి కథ. 2011 వేసవిలో గ్రీసు, ఇటలీ అప్పుల భయంతో జనం యూరోలు అమ్మి ఫ్రాంకులు కొన్నారు. ఆగస్టుకల్లా ఫ్రాంకూ యూరో దాదాపు సమానమైపోయాయి. ఎగుమతుల మీద బతికే దేశానికి అది ఉరితాడే. అందుకని సెప్టెంబర్ 6న స్విస్ నేషనల్ బ్యాంకు ఒక గీత గీసింది: యూరో 1.20 ఫ్రాంకుల కిందకి దిగనివ్వం, ఎన్ని యూరోలు వచ్చినా కొంటాం అని. మూడేళ్లకు పైగా కొంటూనే ఉంది.

2015 జనవరి 15, గురువారం. పొద్దున పదిన్నరకి ఆ గీత తీసేశామని ప్రకటన వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నా. పక్క సీటు అతను ఫోన్ చూసి, తప్పుగా పడిందేమోనని పేజీ మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తున్నాడు. నిమిషాల్లో ఫ్రాంకు ఎక్కడికో పోయింది. సాయంత్రానికి యూరో, ఫ్రాంకు మళ్లీ దాదాపు ఒకటికి ఒకటి. అంటే నిన్నటి జీతమే ఇవాళ కాన్‌స్టాంజ్‌లో దాదాపు ఐదో వంతు ఎక్కువ కొంటుంది!

ఆ శనివారం సరిహద్దు దగ్గర చూడాలి. కార్లు కదల్లేదు. డైపర్లు, మాంసం, సబ్బులు, షాంపూలు ట్రాలీలకు ట్రాలీలు. జర్మనీ షాపులో కొన్నదానికి ఆకుపచ్చ చీటీ ఇస్తారు, దాని మీద కస్టమ్స్ వాళ్ల ముద్ర వేయించుకుంటే పన్ను వెనక్కి వస్తుంది. ఆ ముద్ర కోసం క్యూ కస్టమ్స్ గది బయటిదాకా ఉండేది. మాకు పండగే. మరి ఇటు వైపు షాపులవాళ్లకి? వాచీలు, మెషీన్లు చేసేవాళ్లకి? వాళ్ల సరుకు యూరోల్లో అమ్ముడవుతుంది, జీతాలు ఫ్రాంకుల్లో ఇవ్వాలి. కొన్ని కంపెనీలు జీతం పెంచకుండా పని గంటలు పెంచాయి.

ఎందుకు తీసేశారంటారా? సరిగ్గా వారం తర్వాత, జనవరి 22న, నెలకు 60 బిలియన్ యూరోల బాండ్లు కొంటామని ఈసీబీ ప్రకటించింది. అది వస్తోందని అందరికీ ముందే వాసన తగిలింది. వాళ్లు అన్ని యూరోలు వదులుతుంటే ఇటు ఫ్రాంకులు అచ్చేసి ఎంతకని కొంటారు? ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరూ స్విట్జర్లాండ్‌ని ఏదో చేద్దామనుకోలేదు. వాళ్ల గోల వాళ్లది, ధరలు పడిపోతున్నాయని. మధ్యలో స్విస్ బ్యాంకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

పాతనాణెం:
అయ్యో పాపం స్విట్జర్లాండ్, అనమంటారా? క్షమించాలి, నాకు కన్నీళ్లు రావడం లేదు. జనం మీ నోటు మీద నమ్మకంతో ఎగబడుతున్నారంటే అది ఒక రకంగా డబ్బున్నవాడి కష్టం.

ఇంకో మాట. ఇదంతా యూరో వల్ల వచ్చినట్టు మాట్లాడుతున్నారు. యూరో లేనప్పుడు ఏం జరిగింది? రెండు జర్మనీలు కలిశాక ధరలు పెరుగుతాయని జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ 1992లో వడ్డీలు బిగించింది. దాని నోటుకి కట్టుకున్నవాళ్లంతా అల్లాడిపోయారు. సెప్టెంబర్ 16న బ్రిటన్ పౌండు ఆ ఏర్పాటులోంచి బయటపడింది. అదే రోజు స్వీడన్ కేంద్ర బ్యాంకు తన వడ్డీని 500 శాతానికి పెంచింది. అచ్చు తప్పు కాదు, ఐదు వందలే. అయినా నవంబర్‌లో చేతులెత్తేసింది. అప్పుడు ఒక్క జర్మనీ తన కోసం నిర్ణయం తీసుకునేది, ఇప్పుడు ఇరవై ఒక్కరు కూర్చుని తీసుకుంటున్నారు. పెద్ద ఇల్లు పక్కన ఉంటే దాని నీడ మన పెరట్లో పడుతుంది. ఇల్లు ఎవరిదైతేనేం?

హిమబిందు_క:
పాతనాణెం గారూ, నీడ పోలిక బాగుంది కానీ అందరి పెరట్లోనూ ఒకేలా పడదు. డెన్మార్క్ చూడండి. 2000లో ఓటింగ్ పెట్టి 53 శాతం మంది యూరో వద్దన్నారు. అయినా క్రోన్‌ని యూరోకి 7.46 దగ్గర కట్టి ఉంచారు. ఓటు వేసింది నోటు మీద బొమ్మ కోసమే అన్నట్టుంది.

స్విస్ గీత చెరిగిపోగానే, తర్వాత తెగేది డెన్మార్క్ తాడే అని పందేలు కాశారు. డేనిష్ కేంద్ర బ్యాంకు మూడు వారాల్లోపే నాలుగు సార్లు వడ్డీ తగ్గించి మైనస్ 0.75కి తెచ్చింది. ప్రభుత్వ బాండ్ల అమ్మకం కూడా ఆపేశారు, బయటివాళ్లకి క్రోన్‌లు పెట్టుకోవడానికి చోటే లేకుండా! తాడు తెగలేదు. కానీ ఆ ఫలితం ఎక్కడిదాకా వెళ్లిందంటే, 2019లో అక్కడి ఒక బ్యాంకు ఇంటి లోను మైనస్ అర శాతం వడ్డీకి ఇచ్చింది. తీసుకున్నదానికంటే తక్కువ కడితే చాలు (ఫీజులు అవీ కాక).

కొత్తపుట:
మైనస్ వడ్డీకి ఇంటి లోనా! ఇది బాధ అని ఎవరంటారు?

హిమబిందు_క:
అప్పున్నవాడికి బాధ కాదు తమ్ముడూ. బ్యాంకులో నాలుగు డబ్బులు దాచుకున్న పెద్దాయన్ని అడుగు.

నీలిమ_ట:
ఇక్కడ అందరూ ధనిక దేశాల గురించే మాట్లాడుతున్నారు. నేను బుడాపెస్ట్‌లో ఏడేళ్లు పనిచేశాను, అక్కడి సంగతి చెప్తాను.

2008కి ముందు హంగరీలో ఫోరింట్‌లో (అక్కడి నోటు) ఇంటి లోను తీసుకుంటే వడ్డీ బాగా ఎక్కువ. అదే లోను స్విస్ ఫ్రాంకుల్లో రాయించుకుంటే నెల వాయిదా చాలా తక్కువ. జీతం ఫోరింట్లలో, ఇల్లు హంగరీలో, అప్పు మాత్రం ఫ్రాంకుల్లో. లోన్లు ఇచ్చిన బ్యాంకులు చాలావరకు యూరో దేశాల బ్యాంకుల శాఖలే. ఎలాగూ రేపో మాపో యూరోలో చేరతాం కదా, నోటు ఎక్కడికి పడిపోతుందిలే అని అందరికీ ధీమా.

మా టీమ్‌లో ఒకావిడ ఉండేది. ఏ బ్యాంకో చెప్పను. ఆవిడ అప్పు అటూఇటూగా 50 వేల ఫ్రాంకులు అనుకోండి. ఫ్రాంకు 150 ఫోరింట్లు ఉన్నప్పుడు అది 75 లక్షల ఫోరింట్లు. 250 అయ్యేసరికి కోటీ పాతిక లక్షలు. రూపాయి కొత్తగా అప్పు చేయలేదు, ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు. టేబుల్ మీద బ్యాంకు కాగితం పెట్టుకుని, కాలిక్యులేటర్‌లో అదే గుణకారం మళ్లీ మళ్లీ చేసేది. ఎన్నిసార్లు చేసినా తగ్గుతుందా?

ఆవిడ చేసిన తప్పేమిటి? యూరో జోన్‌లో అప్పుల గొడవ వస్తే డబ్బు ఫ్రాంకులోకి పరిగెత్తింది, ఫోరింట్‌లోంచి బయటికి పరిగెత్తింది. రెండు దెబ్బలూ ఆవిడ వాయిదా మీదే పడ్డాయి.

చివరికి 2014 నవంబర్‌లో ప్రభుత్వం ఆ లోన్లన్నిటినీ ఫ్రాంకుకి 256.5 ఫోరింట్ల చొప్పున ఖరారు చేసి ఫోరింట్లలోకి మార్చేలా చట్టం చేసింది. రెండు నెలల తర్వాత సరిహద్దు_వాసి గారు చెప్పిన ఆ గురువారం! పోలండ్ అలా మార్చలేదు. అక్కడ లక్షల కుటుంబాలు ఆ పొద్దున బ్యాంకు యాప్ తెరిచి చూసుకున్నాయి. ఆ కేసులు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగాయి.

పాతనాణెం:
నీలిమ గారూ, ఆవిడ మీద జాలి ఉంది, నిజంగానే. కానీ ఇది యూరో విధానం చేసిన నష్టమా, లేక వేరేవాళ్ల నోటులో అప్పు ఇవ్వనిచ్చిన హంగరీ ప్రభుత్వం చేసిన నష్టమా? అప్పు ఫోరింట్లలోనే ఉండి ఉంటే ఫోరింట్ పడినా ఆవిడ వాయిదా అంతలా మారేది కాదు.

పోలండ్ పేరు ఎత్తారు కాబట్టి దాని రెండో ముఖం కూడా చూడండి. 2008 వేసవిలో యూరోకి 3.2 జ్లోటీలు. 2009 ఫిబ్రవరికి 4.9 దగ్గరికి పడింది. అందరూ పోలండ్ పని అయిపోయిందన్నారు. ఏమైంది? ఆ ఏడాది యూరోపియన్ యూనియన్ మొత్తంలో వృద్ధి చూసింది ఆ ఒక్క దేశమే. నోటు పడినందువల్లే అంతా అని అనను, కానీ పోలండ్ సరుకు చవకైపోయింది. పక్కనే ఉన్న స్లొవాకియా సరిగ్గా 2009 జనవరి 1న యూరోలోకి వెళ్లింది. దాని నోటు ఇక పడలేదు, ఆర్థిక వ్యవస్థ ఐదు శాతానికి పైగా కుంచించుకుపోయింది. స్లొవాక్‌లు చేతిలో కొత్త యూరోలు పట్టుకుని, కొండలు దాటి పోలండ్‌లోని నోవీ టార్గ్ సంతకి వెళ్లి తెచ్చుకునేవాళ్లు. ఇక్కడ దెబ్బ తిన్నది లోపలున్న దేశం షాపులు. పక్కవాడు లాభపడ్డాడు.

నీలిమ_ట:
ఒప్పుకుంటాను. కానీ అదే జ్లోటీ పడినందుకే ఫ్రాంకు లోనున్నవాడి వీపు విరిగింది. ఫ్యాక్టరీకి మంచిదైంది, ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాడి ఇంటికి చెడ్డదైంది. "పోలండ్ లాభపడింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

లెక్కల_మాస్టారు:
మీరిద్దరూ మారకం రేటు దగ్గరే ఆగిపోయారు. నా దృష్టిలో అసలు తేడా వేరేచోట ఉంది. సంక్షోభం వచ్చిన రోజున యూరోలు ఎవరికి దొరుకుతాయి, ఎవరికి దొరకవు?

2008 అక్టోబర్ గుర్తు తెచ్చుకోండి. ఏ బ్యాంకూ పక్క బ్యాంకుకి అప్పివ్వడం లేదు. యూరో జోన్ లోపలి బ్యాంకులు ఈసీబీ దగ్గరికి వెళ్లి తాకట్టు పెట్టి తెచ్చుకున్నాయి. బయటివాళ్లు? డెన్మార్క్ కేంద్ర బ్యాంకుకి ఈసీబీ 12 బిలియన్ల స్వాప్ ఇచ్చింది. అంటే నీ క్రోన్‌లు నా దగ్గర పెట్టు, నా యూరోలు తీసుకెళ్లు అని. హంగరీకి 5 బిలియన్లు, పోలండ్‌కి 10 బిలియన్లు. అంకెలు చూస్తే అందరికీ ఇచ్చినట్టే ఉంది కదా? కానీ ఈ ఇద్దరికీ ఇచ్చింది స్వాప్ కాదు, రెపో. యూరో బాండ్లు తాకట్టు పెడితేనే యూరోలు. నీ ఫోరింట్ నాకొద్దు, నీ జ్లోటీ నాకొద్దు అని దాని అర్థం. యూరోల కోసం వెతుక్కుంటున్నవాణ్ణి యూరో తాకట్టు తెమ్మనడం! దాహమేసినవాణ్ణి ముందు కుండ నిండా నీళ్లు తెస్తే గ్లాసుడు పోస్తానన్నట్టు.

హంగరీ ఆ నెలలోనే వడ్డీని ఒక్కసారిగా 8.5 నుంచి 11.5కి పెంచింది. ఊరంతా మాంద్యంలో ఉంటే! చివరికి ఐఎంఎఫ్, యూరోపియన్ యూనియన్, ప్రపంచ బ్యాంకు కలిపి 20 బిలియన్ యూరోల సాయం ఒప్పుకుంటేగానీ ఊపిరి ఆడలేదు.

ఆ తర్వాత 2009లో వియన్నా ఇనీషియేటివ్ అని ఒకటి జరిగింది. ఆస్ట్రియా, ఇటలీ, గ్రీసు వంటి దేశాల పెద్ద బ్యాంకుల్ని కూర్చోబెట్టి, తూర్పు యూరప్‌లోని మీ శాఖల్లోంచి డబ్బు లాగేయకండి అని మాట తీసుకున్నారు. దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ, ఆ మాటే లేకపోతే బాల్కన్ దేశాల పరిస్థితి ఏమయ్యేదో.

పాతనాణెం:
ఈసీబీ ధర్మసత్రం కాదు మాస్టారూ. దానికి రాసిచ్చిన పని యూరో జోన్‌లో ధరలు నిలకడగా ఉంచడం. జ్లోటీలు నెత్తిన పెట్టుకుని అవి పడిపోతే నష్టం ఎవరు భరించాలి, ఫిన్లాండ్‌లో పన్ను కట్టేవాడా?

లెక్కల_మాస్టారు:
సరే, మరి హంగరీలో ఆ లోన్లు ఇచ్చి లాభం తిన్నది ఎవరి బ్యాంకులు? వియన్నావి, మిలాన్‌వి. అక్కడ మునిగితే ఇక్కడ కూడా తడుస్తుంది. అది తర్వాత ఈసీబీకే అర్థమైంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వెంటనే కదిలింది. క్రొయేషియాకి, బల్గేరియాకి రెండేసి బిలియన్ల స్వాప్. ఆ ఇద్దరూ అదే ఏడాది జులైలో యూరో వెయిటింగ్ రూములోకి వెళ్లారు, అది గమనించండి. రొమేనియాకి, సెర్బియాకి, అల్బేనియాకి మళ్లీ రెపోనే. తలుపు దగ్గర నిలబడినవాడికి ఒక వరస, వీధిలో ఉన్నవాడికి ఇంకో వరస.

కోటయ్య_మనవడు:
అందరూ వడ్డీలు, బ్యాంకులు అంటున్నారు. మామూలు దారి ఒకటి మర్చిపోయారు. 2010 తర్వాత గ్రీసులో ఖర్చులు కోసేశారు, ఇటలీలో కూడా పనులు తగ్గాయి. ఆ రెండు దేశాల్లో ఇళ్లు కట్టేది, పొలాల్లో పనిచేసేది ఎవరు? అల్బేనియా వాళ్లు చాలామంది. పని పోయింది, ఇంటికి పంపే డబ్బు తగ్గింది, కొందరు సంసారాలు సర్దుకుని తిరిగి వెళ్లిపోయారు. అల్బేనియా నోటు వేరు, వడ్డీ వేరు, ఏ తాడూ లేదు. అయినా దెబ్బ తగిలింది. దీనికి ఏ కేంద్ర బ్యాంకు మందు వేస్తుంది?

కొత్తపుట:
ఒక సందేహం. ఇదంతా యూరో కథే. వేరే ఉమ్మడి నోట్లు లేవా? అక్కడ కూడా ఇలాగే ఉంటుందా?

దూరపుకొండ:
ఉంది, పశ్చిమ ఆఫ్రికాలో. సీఎఫ్ఏ ఫ్రాంకు. బెనిన్, సెనెగల్, ఐవరీ కోస్ట్ సహా ఎనిమిది దేశాలకి ఒకే నోటు, కేంద్ర బ్యాంకు డాకర్‌లో. యూరోకి 655.957 అని కట్టేసి ఉంటుంది. (మధ్య ఆఫ్రికాలో ఇంకో ఆరు దేశాలకి వేరే కూటమి ఉంది, అదీ అదే రేటు.)

కానీ అక్కడ కథ తలకిందులు. యూరప్‌లో కూటమి ఏనుగు, పక్కవాళ్లు చిన్నవాళ్లు. ఇక్కడ బెనిన్ పక్కన ఉన్న ఏనుగు నైజీరియా, దాని నోటు నైరా. కొటోనూ రేవులో దిగే పాత కార్లు, బియ్యం చాలావరకు సరిహద్దు దాటి నైజీరియాకే పోతాయి. నైరా పడిపోతే కొటోనూలో కార్లు బేరం లేక ఎండలో నిలబడి ఉంటాయి. బెనిన్ తన నోటు కాస్త దించుకుందామంటే దించుకోలేదు, ఎనిమిది మందీ ఒప్పుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వడ్డీ పెరిగి యూరో బలపడిందా, దాంతోపాటు సీఎఫ్ఏ కూడా బలపడుతుంది. పక్కన నైరా అదే సమయంలో జారిపోతూ ఉండొచ్చు.

అటు నుంచి ఇటు వచ్చేది పెట్రోలు. నైజీరియాలో సబ్సిడీ పెట్రోలు దొంగతనంగా దాటించి బెనిన్ రోడ్ల పక్కన గాజు సీసాల్లో అమ్మేవాళ్లు, క్పాయో అంటారు దాన్ని. 2023 మేలో నైజీరియా సబ్సిడీ ఎత్తేసింది, మర్నాటి నుంచే సీసా ధర మండిపోయింది. ఉమ్మడి నోటు ఎంత గట్టిగా కట్టి ఉన్నా ఆ సీసా ధరని ఆపలేకపోయింది.

1994 జనవరిలో ఒక్కసారి మాత్రం సీఎఫ్ఏ విలువ సగానికి సగం దించారు. ఫ్రెంచి ఫ్రాంకుకి 50 ఉండేది 100 అయింది. పట్నాల్లో దిగుమతి సరుకు కొనేవాళ్లు గగ్గోలు పెట్టారు. మాలి, బుర్కినా ఫాసో పశువులకి మాత్రం తీరంలోని దేశాల సంతల్లో మళ్లీ గిరాకీ వచ్చింది. అంతకుముందు యూరప్ నుంచి వచ్చే చవక మాంసం వాటిని తొక్కేసింది.

సరిహద్దు_వాసి:
గాజు సీసాలు చదివి ఒకటి గుర్తొచ్చింది. మా ఆకుపచ్చ చీటీలకి కూడా కాలం చెల్లుతోంది. 2020 నుంచి బిల్లు 50 యూరోలు దాటితేనే జర్మనీ పన్ను వెనక్కి ఇస్తుంది. 2025 నుంచి స్విస్ వాళ్లు కూడా మనిషికి 300 ఫ్రాంకుల సరుకు వరకు ఉన్న మినహాయింపుని 150కి తగ్గించారు. నోటుతో ఆపలేనిదాన్ని కస్టమ్స్‌తో ఆపుతున్నారన్నమాట.

కొత్తపుట:
చాలా థాంక్స్ అందరికీ. చివరగా ఒక్కటి. బయట ఉంటే మాట చెల్లదు, యూరోలు సులువుగా దొరకవు అంటున్నారు. మరి బల్గేరియా ఇప్పుడు లోపలికి వెళ్లింది కదా, ఇకనైనా ఫ్రాంక్‌ఫర్ట్‌లో వడ్డీ మీద ఓటేస్తుందా?

లెక్కల_మాస్టారు:
వేస్తుంది, కానీ ప్రతి నెలా కాదు. సభ్యులు ఎక్కువయ్యారని 2015 నుంచి ఓట్లు వంతులవారీగా తిప్పుతున్నారు. ఐదు పెద్ద దేశాల గవర్నర్లకి కలిపి నాలుగు ఓట్లు. మిగతా పదహారు దేశాలకి కలిపి పదకొండు. బల్గేరియా గవర్నర్ ఆ పదహారులో ఒకరు.

కొత్తపుట:
అంటే వంతు రాని నెల?

లెక్కల_మాస్టారు:
కుర్చీ ఉంటుంది, మాట్లాడొచ్చు. ఓటు ఉండదు.

పాతనాణెం:
1997 నుంచి కుర్చీ కూడా లేదు కదా మాస్టారూ.